గట్టు మీద పూత

ఆమెకు చిక్కనక్క అని పేరు పెట్టినవాడు సొంత తమ్ముడే. డబ్బాలో రంగు ఎంత బిగుసుకుని ఉన్నా అందులో థిన్నరు ఒక మూతకు మించి పోయనివ్వదని, కుంచె కదలక చేతులు పడిపోతున్నాయని మొత్తుకున్నా చెవిన పెట్టదని ఆ పేరు పెట్టాడు. పనిలో అందరికీ అది తెగ నచ్చేసింది. ఇరవై ఏళ్ళలో ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. తమ్ముణ్ణి ఆమె పుల్ల అనేది. ఆ మాట మటుకు ముద్దుకే. మనిషి అంత సన్నం కాబట్టే ట్యాంకు పైనున్న రెండు జానల కంతలోంచి మాస్కుతో సహా సర్రున దిగిపోయేవాడు. బొజ్జ పెరిగినవాళ్ళు ఆ పనికి పనికిరారు.

వాళ్ళ పని యాసిడ్ ట్యాంకులకు లోపలి పూత వెయ్యడం. యాసిడ్ ఇనుమును తినేస్తుంది. మధ్యలో గోరంత మందం కూడా లేని ఎర్రటి పొర ఒకటి అడ్డముంటే తినదు. ఆ పొర కోసమే అక్క పైన కూర్చుని రంగు కలుపుతుంది, పుల్ల లోపలికి దిగి పూస్తాడు. చూసినవాళ్ళు ఇందులో ఏముంది, గోడకు సున్నం కొట్టడమేగా అనుకుంటారు. అనుకోనీ. గోడకు సున్నం పల్చనైతే గోడ వెలిసిపోతుంది, ఇక్కడ పల్చనైతే మనిషి కాలిపోతాడు. అక్క మొగుడు అలాగే కాలాడు. వేరేవాళ్ళు పూసిన ట్యాంకు కింద వాల్వు తిప్పుతుంటే వెల్డింగు దగ్గర చిల్లు పడి, నడుము నుంచి కిందికి కాలిపోయి, నెల రోజులు ఆస్పత్రిలో మూలిగి పోయాడు. అప్పటినుంచీ ఆమెకు వెల్డింగు గట్టంటే పగ.

ఎందుకంటే తడి రంగు గట్టు మీద నిలవదు. రెండు రేకులు అతికిన చోట వెల్డింగు కాస్త ఉబ్బి, గరుకుగా, చిన్న గట్టులా ఉంటుంది. పూసిన నిమిషంలో రంగు గట్టు మీదా పక్కనా ఒకే మందంలో నిగనిగలాడుతూ కనబడుతుంది. కానీ ఆరేదాకా అది ఊరుకోదు. పైకి చదునుగా సర్దుకోవాలని దాని ఆరాటం. కొస మీది రంగు అటూ ఇటూ జారి పల్లంలో చేరుతుంది. పది నిమిషాలు పోయాక చూస్తే పల్లంలో అవసరానికి మించి ఉంటుంది, గట్టు మీద ఉల్లిపొరంత కూడా ఉండదు. రంగు ఎంత పల్చనైతే అంత తొందరగా జారుతుంది. మందం కొలిచే మీటరేమో గట్టు మీద కుదురుగా కూర్చోదు. అందుకని కొలిచేవాళ్ళు దాన్ని పక్కన చదును మీద పెట్టి, అంకె రాసుకుని, సంతకం గీకి వెళ్ళిపోతారు. కాగితాల్లో ట్యాంకులన్నీ భేషుగ్గా ఉంటాయి. అక్క ఆ కాగితాలను నమ్మడం ఏనాడో మానేసింది.

ఆమె నమ్మేది ఒక్కటే. ముందు గట్లన్నిటికీ చిక్కటి రంగు కుంచెతో చేత్తో పూయాలి. అది బిగిశాక మిగతాదంతా రోలరుతో లాగాలి. పూసిన పావుగంటకు టార్చి వేసి చూడాలి. ఎరుపు కిందనుంచి ఇనుము బూడిద రంగు తొంగిచూస్తే మళ్ళీ పూయాలి. పుల్ల దీనికి సణిగేవాడు, విసుక్కునేవాడు, అయినా అక్క మాట జవదాటేవాడు కాదు. ఆమె చేతుల్లో పెరిగినవాడాయె.

ఆ రోజు చలి. రంగు డబ్బాలో బెల్లప్పాకంలా బిగుసుకుంది. ట్యాంకు గోడలు ముందురోజే అయిపోయాయి, నేల మిగిలింది. నేల ఒక పక్కకు వాలి ఉంటుంది. ఆ వాలు చివర బేసిన్ అంత గుంట, యాసిడ్ చివరి చుక్క దాకా బయటికి పోవడానికి. గుంట అంచు చుట్టూ వెల్డింగు గట్టు. పొద్దున సేఫ్టీ ఆయన వచ్చి గాలి చూసే మీటరును తాడుకు కట్టి నడుం లోతు దించి, పైకి లాగి, అంతా బాగుందని టిక్కు పెట్టుకుని టీకి వెళ్ళాడు. కంత దగ్గర ఫ్యాను తిరుగుతోంది. దాని గొట్టం గుంట దాకా అందదు. థిన్నరు ఆవిరి గాలి కన్నా బరువు, పొగలా పైకి లేవదు. కంటికి కనబడని పొరలా నేల మీద పరుచుకుని, అదీ రంగులాగే పల్లం వెతుక్కుంటూ పోతుంది. పుల్ల మాస్కు దాన్ని కాసేపే ఆపుతుంది. ఈ సంగతి అక్కకు తెలుసు, పుల్లకు తెలుసు, సేఫ్టీ ఆయనకూ తెలిసే ఉండాలి. అందుకే అక్క థిన్నరు మూతతో కొలిచేది. థిన్నరు పెరిగితే గట్టు మీద పూత పోతుంది, లోపలున్న వాడికి ఊపిరి పోతుంది.

పుల్ల రెండుసార్లు అడిగాడు, ఆమె రెండుసార్లూ కుదరదంది. మూడోసారి కంత కింద నిలబడి మాస్కు పైకెత్తాడు.

"అక్కా, కుంచె కాదు, చెయ్యే ఊడొచ్చేట్టుంది. ఒక్క గ్లాసు పొయ్యి. ఆ గుంట ఒక్కటే కదా."

వాడి మణికట్టు నిజంగానే వాచి ఉంది. ఇరవై ఏళ్ళు మూతతో కొలిచిన మనిషి ఆ పూట గ్లాసుతో పోసింది. తమ్ముడి చెయ్యి చూసి మెత్తబడింది, అంతే. ఇందులో ఇంకే రహస్యమూ లేదు.

రంగు హాయిగా పరుచుకుంది. పుల్ల ఈల వేసుకుంటూ గుంట గట్టు పూసి, అక్కణ్ణుంచి వెనక్కి వెనక్కి జరుగుతూ నేలంతా రోలరు లాగి నిచ్చెన దగ్గరికి వచ్చాడు. నిచ్చెన ముందు రెండు మూరల జాగా మిగిలింది. అక్క కంతలోంచి టార్చి వేసింది. నేల అద్దంలా మెరిసింది. గుంట చుట్టూ మాత్రం సన్నటి బూడిద గీత ఉంగరంలా కనబడింది. గట్టు మీది రంగంతా జారి గుంట అడుగున మడుగు కట్టింది.

"మడుగు ఎత్తెయ్యాలిరా. లేకపోతే ఆరాక పగులుతుంది. గుడ్డతో తుడిచి పెట్టు, ఈలోపు నేను చిక్కటిది వెచ్చబెట్టి తెస్తా," అంది.

వాడు నేరుగా వెళ్ళలేడు, మధ్యలో అంతా తడి నేల. దానికి వాళ్ళ దగ్గర ముళ్ళ చెప్పులున్నాయి. బూట్ల కింద కట్టుకునే చెక్కలు, వాటికి అడుగున మేకులు. తడి పూత మీద మేకు దిగిన చోట సూది బెజ్జమంత గుర్తు పడుతుంది, నిమిషంలో రంగు చుట్టుపక్కల నుంచి వచ్చి దాన్ని మూసేస్తుంది. అలాగని దేన్నయినా మూసెయ్యదు. పైకి లాగడానికని నడుముకు కట్టుకున్న తాడు ఈడ్చుకుపోతే గాడి పడుతుంది. అది పూడదు, దాని అంచులు గట్లవుతాయి, ఆ గట్ల మీద మళ్ళీ పూత పల్చనవుతుంది. అందుకని తడి నేల మీదికి వెళ్ళేటప్పుడు నడుముకున్న తాడు విప్పెయ్యడం ఈ పనివాళ్ళందరిలో ఉన్న అలవాటు. కాగితం మీద అది నేరం, పనిలో అది పనితనం. పుల్ల ముళ్ళ చెప్పులు కట్టుకుని నిలబడి పైకి చూశాడు.

"తాడు విప్పి వెళ్ళు, గీత పడుతుంది," అంది అక్క.

ఆ మాట అన్నది ఆమే. తరవాత ఎవరూ ఆమెను ఆ సంగతి అడగలేదు, ఆమే తనను తాను అడుక్కుంది.

వేడినీళ్ళ పీపా ట్యాంకు కింద ఉంటుంది. కొత్త డబ్బా అందులో పెట్టి, మెత్తబడేదాకా తిప్పుతూ పావుగంట నిలబడింది. కంత దగ్గరున్న మనిషి కంత వదిలి కదలకూడదు. కానీ ఆ పనికి ఇద్దరు కావాలని అడిగినప్పుడల్లా ఇంజనీరు వచ్చే వారం అనేవాడు. ఆ వచ్చే వారం మూడేళ్ళుగా రాలేదు. డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చి, అలవాటు ప్రకారం కంత అంచు మీద స్పానరుతో మూడుసార్లు కొట్టింది. మాస్కు వేసుకున్నవాడు అరిచి చెప్పలేడు కాబట్టి వాడూ కుంచె పిడితో మూడుసార్లు కొట్టాలి, బాగున్నానని. కొట్టలేదు.

అలిగాడనుకుంది. పనికి మళ్ళీ పంపితే మూతి ముడుచుకుని జవాబివ్వకపోవడం పుల్లకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. రంగును గట్టిపరిచే హార్డెనరు పోశాక ఆపకుండా కలపాలి, లేకపోతే ఉండలు కడుతుంది. కంతకు వీపు పెట్టి కూర్చుని ఇనప కడ్డీతో డబ్బా గలగలా కలుపుతూ వాడికి చీవాట్లు పెట్టింది. నలభై ఏళ్ళొచ్చాయి, ఇంకా అలకలేంట్రా అంది. నీ పెళ్ళాం నిన్నెలా భరిస్తోందో అంది. కలపడం అయ్యాక డబ్బాను కొక్కేనికి తగిలించి లోపలికి దించింది. కింద ఎవరూ విప్పుకోలేదు. అప్పుడు టార్చి వేసింది.

నిచ్చెనకు చేతికందేంత దూరంలో బోర్లా పడి ఉన్నాడు. పెద్దగా ఒక కేక పెట్టి, ఊపిరి బిగబట్టి దిగి, తాడు వాడి చంకల కింద కట్టి, కళ్ళు తిరుగుతుండగా పైకి వచ్చింది. పక్క షెడ్డులోని వెల్డర్లు ఆ కేకకు పరుగెత్తుకొచ్చి లాగారు. ఎర్ర రంగులో తడిసి వచ్చిన మనిషిని చూసి ఒకడు రక్తమనుకుని కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేటప్పటికే పుల్ల లేడు.

డాక్టరు ఆ ఆవిరికి మత్తు కమ్ముతుందని చెప్పాడు. ఇంజనీరు ఆ మాటనే అందుకుని ఇంకాస్త సాగదీసి, గుంట దగ్గరే ఒక్కసారిగా స్పృహ పోయుంటుంది, నిద్రలో పోయినట్టే, ఏమీ తెలియలేదమ్మా అని పుల్ల భార్యకు చెప్పాడు. ఆ పిల్ల కుట్టుపని చేస్తుంది. మెడలో టేపు అలాగే వేళ్ళాడుతుండగా వచ్చింది. ఇంజనీరు మాటను రెండు చేతులా అందుకుని గుండెకు హత్తుకుంది. అందరితోనూ అదే చెప్పింది. అక్కను పట్టుకుని ఏడుస్తూ కూడా, "వదినా, ఆయనకేం తెలియలేదంట," అంది. అక్క తలూపింది. ఆమె కూడా అప్పుడు అదే నమ్మింది. నమ్మకపోతే నిలబడే ఓపిక లేదు.

నాలుగో రోజు ఇంజనీరు పిలిపించాడు. విచారణలు, సంతకాలు అన్నీ పూర్తయ్యాయట. నేల మీద గుర్తులున్నాయి కదా, వాటి మీదే ఇంకో కోటు కొట్టిద్దాం అన్నాడు. గుర్తుల అంచులు గట్లవుతాయని, గట్ల మీద పూత నిలవదని, ఆర్నెల్లలో కారుతుందని, కింద వాల్వు దగ్గర నిలబడేది మీరు కాదని అక్క చెప్పింది. చివరి మాట కాస్త గట్టిగానే చెప్పింది. గ్రైండరు పట్టి చెక్కెయ్యాలి అంది. ఎవరు దిగుతారు అని అతను నసిగితే నేనే అంది. మూడేళ్ళు అడిగినా దొరకని, బయటి గాలి అందించే గొట్టం మాస్కు, రెండో మనిషి, పెద్ద ఫ్యాను, గంటలో ఎక్కణ్ణుంచో పుట్టుకొచ్చాయి.

లోపల నేల గట్టిపడింది, రాయిలా ఉంది. చేతి లైటును నేల మీద వాలుగా పెట్టింది. వాలు వెలుతురులో చిన్న గుర్తు కూడా నీడ పడి తేలుతుంది. గుంట దగ్గర మోకాళ్ళ గుర్తులు రెండు కనబడ్డాయి. కనబడ్డాయంటే, వెతికితే కనబడ్డాయి. దాదాపు పూడిపోయి, నీళ్ళలో వేలు పెట్టి తీసినట్టు మెత్తగా ఉన్నాయి. వాటి తరవాత ఒక అరచెయ్యి. అదీ మెత్తగానే, వేళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఒక మూర అవతల ఇంకో చెయ్యి, వేళ్ళు విడివిడిగా. ఆ తరవాత మనిషి నిలువునా పడుకున్న గుర్తు, చొక్కా గుండీలతో సహా. మళ్ళీ మోకాళ్ళు. ఈసారి అంచులు పైకి లేచి, పదునుగా ఉన్నాయి.

ప్రపంచంలో ఆ నేలను చదవగలిగింది ఆమె ఒక్కతే. ఆ రంగు కలిపింది ఆమె, అందులో గ్లాసు పోసింది ఆమె. ఆ చలిలో, అంత పల్చనలో, అది పది నిమిషాల దాకా పడ్డ గుర్తును చాలామటుకు మూసేస్తుంది. ఆ తరవాత బద్ధకిస్తుంది. ఇరవై నిమిషాలు దాటాక అచ్చు పోసినట్టు ఉంచేస్తుంది. పైగా నిచ్చెన దగ్గరిది చివర పూసింది, అన్నిటికన్నా ఆలస్యంగా బిగియాల్సింది. అక్కడ గుర్తులు అంత పదునుగా ఉన్నాయంటే వాడు గుంట దగ్గర నిద్రపోలేదు. లేచాడు, పాకాడు, పడ్డాడు, మళ్ళీ పాకాడు. ఎనిమిది మూరల నేలకు ఇరవై నిమిషాలకు పైగా పట్టింది.

నిచ్చెన ముందు, పూత అంచున, ఆమె మోకాళ్ళ గుర్తులూ వాడి గుర్తులూ కలిసిపోయాయి. అక్కడ లైటును ఇంకా కిందికి వంచింది. వాడి చివరి అరచెయ్యి కనబడింది, వేలిముద్రల గీతలతో సహా. దాని పక్కన పావలా కాసంత గుండ్రటి నొక్కులు మూడు. కాస్త ఎడంగా ఇంకో మూడు. కుంచె పిడి కొసవి.

అవి ఎప్పుడు పడ్డాయో ఆమె లెక్క కట్టనక్కర్లేదు. పీపా దగ్గర పావుగంట, మెట్లు, స్పానరు. అప్పటిదాకా నేల ఇంకా మెత్తగానే ఉంది, ఇలాంటివి పడితే పూడ్చేసి ఉండేది. ఈ ఆరూ పూడలేదు. అంటే ఆమె పైకి వచ్చాకనే కొట్టాడు. ఆమె మూడుసార్లు కొడితే విన్నాడు, పాక్కుంటూ ఇక్కడిదాకా వచ్చి జవాబిచ్చాడు. అప్పుడామె కంతకు వీపు పెట్టి, డబ్బాలో కడ్డీ తిప్పుతూ, నీ పెళ్ళాం నిన్నెలా భరిస్తోందో అంటోంది.

పై నుంచి రెండో మనిషి కొట్టాడు, బాగున్నావా అని. ఆమె జవాబు కొట్టింది. గ్రైండరు ఆన్ చేసి గుంట దగ్గర మొదలుపెట్టింది. ఒక్కో గుర్తూ ఎర్రటి పొడి అయి లేచింది. చెక్కకుండా వదిలెయ్యాలని చేతులు లాగాయి. కానీ ఆ వేళ్ళ అంచుల మీద ఏ పూతా నిలవదు, కింద వాల్వు దగ్గర ఇంకో ఇంటి మనిషి నిలబడతాడు. నొక్కులు ఆరింటినీ చివర చెక్కింది. తరవాత బూడిద రంగు ఇనుము తప్ప అక్కడ ఏమీ లేదు. ఇక ఆమె నోరు విప్పితే తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

సాయంత్రం నేరుగా మరదలి ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా తనతో తానే కొట్లాడింది. చెప్పి ఏం సాధిస్తావు, ఆ పిల్లను ఎందుకు చంపుతావు అని ఒక మనసు. చెప్పకపోతే నువ్వూ ఆ సంతకాలు గీకేవాళ్ళలో కలిసిపోయినట్టే అని ఇంకో మనసు. కాగితంలో అంతా బాగానే ఉందని రాసేవాళ్ళను ఇరవై ఏళ్ళు తిట్టిన నోరు అది. పైగా ఇంకొకటుంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. ఆ బరువును ఒక్కతే మొయ్యలేకపోయింది.

మరదలు మిషను ముందు కూర్చుని ఎవరివో పరదాలు కుడుతోంది. వదినను చూసి స్టూలు జరిపింది. జుట్టులోని ఎర్ర పొడి చూసి, పనికి వెళ్ళావా, అప్పుడేనా, అని నొచ్చుకుంది. అక్క కూర్చోలేదు.

"వాడు వెంటనే పోలేదమ్మా," అంది. "ఇరవై నిమిషాలు పాకాడు. నేను పైకి వచ్చాక మూడేసిసార్లు రెండు మార్లు కొట్టాడు. నేను అటు తిరిగి రంగు కలుపుతున్నా. నాకు వినబడలేదు. గ్లాసు థిన్నరు పోసింది నేను. తాడు విప్పమంది నేను."

మరదలు మిషను ఆపింది. నీకెలా తెలుసని అడిగింది. అక్క చెప్పింది, తడి పూత ఏది మూస్తుందో, ఏది మూయదో, అంతా చెప్పింది. చూపిస్తావా అని అడిగింది. చెక్కేశానంది అక్క.

తిడుతుందనుకుంది. జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తుందనుకుంది. అలా చేసినా బాగుండేది. మరదలు కుడుతున్న పరదా మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నాలుగు రోజులుగా ఆ ఒక్క మాట పట్టుకునే పడుకుంటున్నాను వదినా, ఆయనకేం తెలియలేదని. పిల్లలకూ అదే చెప్పాను," అంది. "నీ మనసు తేలిక చేసుకోవడానికి వచ్చావు. ఇప్పుడు నేను దేన్ని పట్టుకోను?"

మరదలు వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. మిషను వైపు తిరిగి పరదా అంచు సూది కింద పెట్టి, కుట్టకుండా దాన్నే చూస్తూ కూర్చుంది. పక్క గదిలో పిల్లలు అత్త వచ్చిందని పుస్తకాలు మూసి లేస్తున్న చప్పుడు వినిపించింది.